జనరేటర్ మీద పాడిన పాటలు

మా నాన్నది బంగారంలాంటి చెవి అని పోర్టు క్వార్టర్లలో అందరూ అనేవారు. పక్కింటి రేడియోలో పాట వస్తుంటే అది ఏ శ్రుతో మా వంటింట్లోంచి చెప్పేసేవారు. పోర్టులో ఉద్యోగం వచ్చి గోదావరి జిల్లా వదిలినప్పుడు ఒక ట్రంకుపెట్టె, ఒక శ్రుతిపెట్టె తెచ్చుకున్నారు. ఆ శ్రుతిపెట్టె ముందు కూర్చోబెట్టే నాకు పాట నేర్పారు.

నేను ఓణీ వేసుకునే వయసుకొచ్చాక ఒక రూలు పెట్టారు. ఇంట్లో ఎంతయినా పాడుకోవచ్చు, నలుగురిలో పాడకూడదు. కూరలో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా చెప్పారు. కోపంగా చెప్పి ఉంటే నేనూ ఎదురు తిరిగేదాన్ని. అలా చెప్పేసరికి దేని మీద తిరగబడాలో తెలీక ఊరుకున్నాను.

ఎనభైల మొదట్లో మా అన్నయ్య గిటారు పట్టాడు. ఓడలు దిగినవాళ్ళు అమ్ముకుపోయిన ఇంగ్లీషు క్యాసెట్లు పోర్టు పక్కన వన్ టౌన్‌లో దొరికేవి. అవి విని విని చెడిపోయాడని అమ్మ గోల. వన్ టౌన్‌లోనే పెళ్ళిళ్ళకి మైకులు, లైట్లు అద్దెకిచ్చే సాయిబుగారి అబ్బాయి డ్రమ్ములు వాయించేవాడు. స్టీల్ ప్లాంటు కడుతున్నచోట పనిచేసే ఇంకో స్నేహితుడిది బేస్ గిటారు. ముగ్గురికీ వాయించడం వచ్చు గానీ పాడటం రాదు. అన్నయ్య గొంతెత్తితే వీధికుక్కలు కూడా జాలిగా చూసేవి. అందుకని పాట నా చేతికొచ్చింది. తెలుగులో మేమే మాటలు రాసుకుని, రాక్ అని మేమే పేరు పెట్టుకుని, ఒక క్యాసెట్ తెద్దామనుకున్నాం.

అన్నయ్య ఆశ ఊరంతా వినాలని. నాది అంత పెద్దది కాదు. నాన్న వినాలి. గొంతు గుర్తుపట్టి, "ఏమ్మా, నువ్వేనా?" అని అడగాలి. తిట్టినా ఫరవాలేదు, అసలు మాటంటూ మొదలవుతుంది. నా అంతట నేను అడిగే ధైర్యం నాకు లేదు. ఆ క్యాసెట్టే నా తరఫున అడుగుతుందని నమ్ముకున్నాను.

స్టూడియో అంటే మద్రాసు పోవాలి. అది అయ్యే పని కాదు గనక డ్రమ్మర్ ఎవరినో బతిమాలి ఒక పెద్ద స్పూల్ టేపు మెషీను ఎరువు తెచ్చాడు. మా ఇళ్ళ దగ్గర రికార్డు చేద్దామంటే ఖనిజం వ్యాగన్ల మోత, ఓడల కూతలు. కొండకి అవతల, సముద్రం ఒడ్డునున్న యారాడ ఊళ్ళో ఒక ఇల్లు దొరికింది. ఆ ఊరి పండక్కి మైకు సెట్టు పెట్టేది సాయిబుగారే కాబట్టి, ఆ ఇంటి ముసలమ్మ ముందుగది ఇచ్చింది. ఆ ఇంటికి కరెంటు లేదు. పెళ్ళిళ్ళకి తిప్పే జనరేటర్‌ని వ్యానులో వేసుకొచ్చి, ఇంటి వెనక దూరంగా సరుగుడు చెట్లలో పెట్టి, పొడుగాటి తీగ లాగాం. అన్నయ్య తోడున్నాడు కదా అని నాన్న నన్ను పంపారు. ఎక్కడికని అడగలేదు.

జనరేటర్ తిప్పింది డ్రమ్మరే. వాళ్ళ కొట్లో అదొక పద్ధతి. ముందు బల్బు పెట్టి, అది ధగధగా వెలిగేదాకా ఇంజనుని పెంచుతారు.

"కొంచెం తగ్గించకూడదా? మోత ఇక్కడిదాకా వస్తోంది" అన్నాడు అన్నయ్య.

"లైటు ఎలగాల బావా. గుడ్డిదీపం ఎడితే పెళ్ళోరు ఊరుకుంటారేటి?" అన్నాడు అతను, అక్కడికి మేం పెళ్ళి చేసుకోవడానికి వచ్చినట్టు.

తలుపులకి గోనెసంచులు కట్టి పాడాం. ముసలమ్మ మధ్యలో తొంగిచూసి, "పాడితే పాడినావు గానీ, అంత అరవాలేటమ్మా?" అంది. అరిచాను. నా బతుకులో అంత గొంతు విప్పి పాడింది ఆ ఒక్కరోజే. సముద్రం పక్కనే ఉన్నా నాకు నా గొంతే వినిపించింది. అక్కడే ఆ మెషీను మీదే వేసుకుని విన్నాం. అచ్చం నేనే. సిగ్గేసింది, ఏడుపొచ్చింది, ఇంకోసారి వేయమన్నాను.

మర్నాడే మెషీను దాని యజమానికి ఇచ్చేయాలి. ఆలోగా కొట్లో మామూలు కరెంటు మీద క్యాసెట్లకి ఎక్కించేశారు. క్యాసెట్ ఇంటికొచ్చాక విని నేను కొయ్యబారిపోయాను. పాట ఈడుస్తోంది. గొంతు లావైపోయింది. పాడుతున్నది ఎవరో మీసాలొస్తున్న కుర్రాడు. జనరేటర్ అంత జోరుగా తిరిగితే మెషీనూ అంతే జోరుగా తిరిగి పాట పట్టింది. అక్కడ దాని మీదే విన్నాం కాబట్టి తేడా తెలియలేదు. మామూలు కరెంటుకి వచ్చేసరికి మెషీను నెమ్మదించింది, దాంతోపాటే నా గొంతూ దిగిపోయింది. అప్పటికి మెషీనూ లేదు, దాంతో వెళ్ళిపోయిన స్పూలూ లేదు.

వద్దు వద్దంటున్నా ఆదివారం పొద్దున అన్నయ్య ఆ క్యాసెట్ పెట్టాడు. నాన్న పేపరు మడిచి, కళ్ళు మూసుకుని విన్నారు.

"ఈ గోలేంటో నాకర్థం కాలేదు గానీ, ఎవర్రా ఈ కుర్రాడు? శ్రుతి ఒక్క వెంట్రుకవాసి కూడా తప్పలేదు."

అన్నయ్య నా వైపు చూశాడు. ఉండబట్టలేక అనేశాను. "నేనే, నాన్నా."

ఆయన నవ్వారు. ఎగతాళిగా కాదు, ముద్దుగా. శ్రుతిపెట్టె తెమ్మన్నారు. "పాడు" అన్నారు. పాడాను. ఆయన ఒక మెట్టు నొక్కి చూపించి, "ఇదీ నీది, అయిదు శ్రుతి" అన్నారు. మళ్ళీ క్యాసెట్ వేయించి ఇంకో మెట్టు నొక్కారు. "అతనిది నాలుగు. ఎలా కలుస్తాయమ్మా?" అన్నయ్య జనరేటర్ సంగతి అంతా చెప్పుకొచ్చాడు. "ఇద్దరూ కలిసి కథలు బాగా అల్లారు" అని నాన్న మళ్ళీ పేపరు విప్పారు.

అంత కోపం నాకు మళ్ళీ ఎప్పుడూ రాలేదు. నాలుగో అయిదో తేల్చగలిగిన మనిషికి, చిన్నప్పట్నుంచీ తను దిద్దిన ఊపిరి, తను నేర్పిన విరుపు వినపడలేదా? చెవి మోసపోయిందా, మోసపోవడమే మేలని చెవిని ఆయనే మోసపోనిచ్చారా? ఇప్పటికీ తేల్చుకోలేను. అడుగుదామంటే ఆయన లేరు.

ఆ క్యాసెట్ ఊళ్ళో ఎవరూ పెద్దగా కొనలేదు. ముగ్గురూ తలో పనిలో పడ్డారు. మా ఇంట్లో మాత్రం అది మోగుతూనే ఉండేది. కొడుకు గిటారు వినిపించడానికి నాన్న వచ్చినవాళ్ళందరికీ వేసేవారు. నేను కాఫీలు అందించేదాన్ని. ఒకసారి ఆయనతో పనిచేసే పెద్దాయన మొత్తం విని, గ్లాసు కింద పెట్టి, "గొంతంటే ఇదండీ. ఆ కుర్రాడు ఇప్పుడేం చేస్తున్నాడు?" అని అడిగారు.

నాన్నకి తెలియదు కదా, అన్నయ్య వైపు చూశారు. అన్నయ్య తల దించుకున్నాడు.

"పాడటం మానేశాడండీ" అని చెప్పి, ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళాను.