మసకబారిన ఫోటో

అవి ఒంటిపూట బడుల రోజులు. మిట్టమధ్యాహ్నం ఆమదాలవలస వెళ్లే బస్సులో నా పక్కన ఒక టీచరమ్మ కూర్చుంది.

"మీకేటమ్మా, ఒక్క పూట పని, నిండు జీతం," అని నవ్వాడు కండక్టరు.

అంతలో ఆమె ఫోను మోగింది. యాప్‌లో పై అధికారులకు పంపిన బడి మరుగుదొడ్డి ఫోటో మసగ్గా ఉందట, వెంటనే మళ్లీ తీసి పంపాలట. "తాళమేసి వచ్చీసేను సార్, రేపు తీస్తాను," అని ఎంత బతిమాలినా పై అధికారి వినలేదు.

"బస్సాపు బాబూ," అంటూ లేచింది. మెట్టు మీద ఆగి కండక్టరు వైపు తిరిగింది.

"ఈవేళ పిల్లలకి ఏటి సెప్పేవని నన్ను ఒక్కడూ అడగడు. దొడ్డి సూపించమంటాడు. నువ్వేమో నా జీతం మీద పడ్డావు."

దిగి, వచ్చిన దారినే వెనక్కి నడిచింది.

తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. పిల్లలకు ఎండ తగలకూడదనే కదా ఒంటిపూట బడులు పెట్టింది! టీచరుకూ తగలకూడదని ఏ ఉత్తర్వులోనూ రాయలేదు.