బాపమ్మ తోలనియ్యని పెంటకుప్ప

మా చిన్నప్పుడు... మే నెల చివర ఒక పొద్దున, మా ఇంటి వెనక పెంటకుప్ప దగ్గర ట్రాక్టర్ ఆగింది. మాది మల్లాపూర్ పక్క పల్లె. ఏడాది పాటు పోసిన పేడ, గడ్డి, బూడిద... అదంతా ఎరువై పసుపు చేనుకు పోవాల్సిన రోజు. ట్రాలీ ఎక్కి తిరగొచ్చని అందరికంటే ముందు నేనే తయారు.

బాపమ్మ, అంటే మా నాయనమ్మ, బాపును కన్నతల్లి, గడ్డపార తెచ్చి కుప్ప నడుమ దించింది. కాసేపుంచి బయటికి లాగి, ఆ ఇనుముకు అరచెయ్యి ఆనించింది. వెంటనే తీసేసింది.

"ఇంక ఉడుకుతున్నది. తోలద్దు."

బాపుకు చిర్రెత్తింది. "పైన నల్లగైంది కదనే అవ్వా. మొగులు పట్టింది, వానొస్తది. ఇయ్యాల తోలకుంటే ట్రాక్టర్ మళ్ల దొరకది."

"పైన నల్లగైతే అయినట్టా? లోపల గడ్డి గడ్డిలెక్కనే ఉన్నది. పచ్చి పెంట పోస్తే కొమ్ము మురుగుతది. చేను నాది. పెంట నేనెత్తిన. ఎప్పుడు తోలాల్నో నేనే చెప్త."

ఆ మాట ఊరికే అనలేదు. ఆ ఇరవై గుంటలు ఆమె పుట్టింటివాళ్ళు పసుపుకుంకుమల కింద ఇచ్చినవి. కాగితాల మీద ఆమె పేరే... కానీ ఏ పంట వెయ్యాలో, ఎప్పుడు దున్నాలో అన్నీ మగవాళ్ళే తేల్చేవాళ్ళు. ఆ రోజు కూడా ఊరుకుంటే ఇక ఆమెకు మిగిలేది ఆ పేరొక్కటే.

అందుకే కుప్ప ముందర పీట వేసుకుని కూర్చుంది. ట్రాక్టర్ ఖాళీగా పోయింది. నిజం చెప్పొద్దూ... నాకు బాపమ్మ మీద చాలా కోపం వచ్చింది.

వాడకట్టంతా నవ్వింది. "ముసల్ది పెంటకు కావలి కూసున్నది" అన్నారు. ఆమె లెక్కచెయ్యలేదు. అమ్మతో, నాతో కుప్ప తిరగేయించింది, నీళ్ళు చల్లించింది. రోజు విడిచి రోజు గడ్డపార దించడం, తీసి చెయ్యి ఆనించడం... "ఇంక కాలే" అనడం, అంటే ఎరువు ఇంకా అవ్వలేదని.

మూడు వారాలకు ఇనుము చల్లగా వచ్చింది. పిడికెడు తీసి పిసికింది. ముద్దయింది, వేలితో తాకితే పొడిపొడిగా రాలింది. గడ్డిపోచ కనబడలేదు. నా ముక్కు దగ్గర పెట్టింది. పేడ కంపు లేదు... వానకు తడిసిన మట్టి వాసన.

కానీ అప్పటికే వానలు పడ్డాయి. చేన్లో ట్రాక్టర్ దిగబడుతుంది. బాపమ్మ గంప నెత్తిన పెట్టుకుని నడిచింది. వెనక అమ్మ, చిన్నమ్మ, చిన్న తట్టతో నేను. రెండు రోజులు మోశాం. బాపు గట్టు మీద నిలబడి చూశాడే తప్ప గంప ముట్టలేదు.

ఆ ఏడు పసుపు విరగపండిందని రాస్తే మీకు బాగుంటుంది... పండలేదు. ఆలస్యంగా వేశాం కదా, మామూలుగా వచ్చింది. కొమ్ము మాత్రం కుళ్ళలేదు. బాపమ్మ కొంచెం కూడా చిన్నబోలేదు. "నేను తోలుమన్న నాడే తోలిండ్రు" అని కనబడ్డ ప్రతి ఒక్కరికీ చెప్పింది.

ఇప్పుడు మా ఊళ్ళో పశువులే తక్కువ. కుప్పలున్న చోట బండ్లు నిలబెట్టుకుంటున్నారు. నేను కోరుట్లలో మేడ మీద తొట్టిలో కూరగాయల తొక్కలతో ఎరువు చేస్తాను. ఫోన్లో పెట్టిన దాని ఫోటో కింద మొన్న ఒకాయన రాశాడు... తొందరగా మురగడానికి ఏదో పొడి చల్లితే ఇరవై రోజుల్లో అయిపోతుందట, ఇన్ని నెలలు ఎందుకట. మీ పొడి మీరే చల్లుకోండి సార్. అయిందో లేదో నా చెయ్యి చెప్తుంది, మీరు కాదు.

బాపమ్మ కుప్పకు అడ్డం కూర్చున్న మరుసటేడు ఏమైందో చెప్పి ఆపుతాను. ట్రాక్టర్ మాట్లాడబోయే ముందు బాపు పెరట్లోకి వచ్చాడు. కాసేపు అటూ ఇటూ చూసి, "ఎప్పుడు తోలుదామే అవ్వా?" అని అడిగాడు. నాకు తెలిసి, ఆ చేను గురించి ఆమెను ఒకరు అడగడం అదే మొదలు.

ఇప్పుడు ఎరువు బస్తాల్లో వస్తుంది... ఎవరినీ అడిగే పని లేదు. మీ ఇంట్లో "ఇంక కాలే" అని అడ్డం కూర్చున్న ఆడమనిషి ఎవరైనా ఉంటే, ఆమె పేరు పెట్టి మరీ దీని కింద రాయండి.