ఆరుగురు వదినలు, ఒకటే పేరు

అందరూ కులాసాగా ఉన్నారా నాయనా? మాధాపూర్ ఆఫీసుల్లో పొద్దస్తమానం కంప్యూటర్ వైపే చూసే పిల్లలు, మీ కళ్ళు ఎలా ఉన్నాయి? బెంగుళూరు వెళ్ళిన ఆడపిల్లలు, వేళకి తింటున్నారా, నడుం నొప్పులు తగ్గాయా? కోర్టుల దగ్గర ఇంకా మిషను మీదే టైపు కొడుతున్న పెద్దవాళ్ళు, మీ వేళ్ళు తిమ్మిర్లెక్కడం లేదు కదా? మీలో చాలామందిని నేను చూసి ఎరగను. అయినా అడగకుండా కలం ముందుకి సాగదు. ఇక్కడ మా ఆయన బాగున్నారు. నేనూ ఉన్నాను. మోకాళ్ళ సంగతి చెప్పుకుంటూ పోతే తరిగేది కాదు.

మన మాస్టారు పోయారు. ఆ రోజు పొద్దున్న నేను పెసరపప్పు కడుగుతున్నాను. ఫోన్ మోగింది. చూస్తే "టైపు మాస్టారు" అని పడింది. తడిచెయ్యి కొంగుకి తుడుచుకుని, "చెప్పండి మాస్టారూ" అన్నాను. అవతల ఆడగొంతు. "అక్కా, మీ సారు లేడక్కా. చాయ్ తాగి కూసున్నడు, గట్లనే ఒరిగిండు" అంది కాప్రాలో వాళ్ళింటి నుంచి మాస్టారి భార్య. నేను తెలివితక్కువగా, "ఎక్కడికి వెళ్ళారమ్మా?" అని అడిగాను. అలా అడిగినందుకు ఇప్పటికీ తల కొట్టేసినట్టుంటుంది. మనసుకి తెలిసిపోయింది, నోటికి తెలియలేదు.

ఆయన దగ్గర నేర్చుకున్న వాళ్ళంతా కలిసి చిన్న పుస్తకం వేస్తున్నారనీ, నన్నూ రాయమనీ కబురు పెట్టారు. నేను చదివింది ఐదో తరగతి. ఆయన దగ్గర టైపు నేర్చుకున్నదాన్నీ కాను. తప్పులు రాస్తానేమో, తప్పుల్ని బట్టి మాస్టారికి చెడ్డపేరు వస్తుందేమో అని రెండు రోజులు కాగితం ముట్టుకోలేదు. కానీ ఆయన వల్ల మా ఇంట్లో జరిగినది నేను చెప్పకపోతే ఎవరూ చెప్పరు.

రెజిమెంటల్ బజార్‌లో ఆయన ఇన్‌స్టిట్యూట్ మీకందరికీ తెలిసినదే. మేం ఉండేది ఆ వెనక సందులోనే. ఒకప్పుడు పొద్దున్న ఆరింటికే పాతిక మిషన్లు ఒక్కసారి మొదలయ్యేవి. మా వంటింట్లో గిన్నెలు కూడా ఆ చప్పుడికి అదిరేవి. తర్వాత పిల్లలంతా కంప్యూటర్ కోర్సులని అమీర్‌పేట దారి పట్టారు. మాస్టారు మిషన్లు ఒక్కొక్కటీ అమ్మేసి రెండు కంప్యూటర్లు పెట్టుకున్నారు. అరవై దగ్గర పడ్డ మనిషి, తన కంటే సగం వయసు వాళ్ళ దగ్గర కూర్చుని నేర్చుకున్నారట. ఆ మాట చెప్పడానికి ఎప్పుడూ సిగ్గుపడలేదు. కూర్చునే ముందు చేతులు కడుక్కునేవారు. కొడుతున్నప్పుడు వేళ్ళ వైపు చూసేవారు కాదు, ఎదుటి మనిషి ముఖంలోకి చూసేవారు. మనం చెప్పడం ఆపితే ఆయన వేళ్ళూ ఆగేవి. మనం తడబడితే అవీ తడబడినట్టే ఉండేవి.

"మ్యాటర్‌ల ఉన్నదే కొట్టాలె. మనం కలుపొద్దు, మనం తీసెయ్యొద్దు" అనేవారు. కొట్టమని ఇచ్చిన కాగితాన్ని ఆయన మ్యాటర్ అనేవారు. మీకందరికీ ఈ మాట చెవుల్లో ఉండే ఉంటుంది.

నేను ఆయన దగ్గరికి వెళ్ళింది భయంతో. మా ఆయనకి సుగర్. రైల్వే పార్సిల్ ఆఫీసులో రిటైరైన దగ్గర్నుంచి ఉంది. మాత్ర వేసుకుని తినడం ఆలస్యమైతే సుగర్ పడిపోతుంది. ఒక మధ్యాహ్నం హాల్లో నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే కూలిపోయారు. మా అమ్మాయి కొనిచ్చిన కొత్త ఫోను చేతిలో ఉంది, మొత్తం అద్దమే, అందులో ఒక్క నంబరూ లేదు. నంబర్ల పుస్తకం బియ్యం డబ్బా మీద ఉంది. కళ్ళజోడు ఎక్కడుందో తెలియదు. రెండుసార్లు నొక్కితే రెండుసార్లూ ఎవరో తెలియని వాళ్ళు పలికారు. చివరికి సందులోకి పరిగెత్తి అరిచాను. పక్కింటివాళ్ళు వచ్చి ఆస్పత్రికి తీసుకెళ్ళారు, గట్టెక్కారు.

ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు. ఆయన కునుకు తీస్తే చాలు, పొట్ట పైకీ కిందికీ ఆడుతోందా లేదా అని చూసేదాన్ని. ఈసారి పక్కింటికి తాళం ఉంటే? నాకు కావలసింది ఒక్కటే. ఆయన పడిపోయిన క్షణాన, పెద్దగా చదువులేని నా చేత్తో, నేనే ఒక మనిషిని పిలవగలగాలి. అమ్మాయీ అల్లుడూ ఆదివారం వచ్చి నంబర్లు ఎక్కిస్తామన్నారు. ఆదివారం వచ్చారు, ఆఫీసు నుంచి పిలుపొచ్చింది, వెళ్ళిపోయారు. మూడు ఆదివారాలు అలాగే అయ్యాయి.

నంబర్ల పుస్తకం, ఫోను చీరచెంగున కట్టుకుని మాస్టారి దగ్గరికి వెళ్ళాను. "ఫోన్‌ల ఒక్కొక్కటి కొడ్తే పొద్దుగూకుతది. ముందుగాల కంప్యూటర్‌ల రాస్త, అందర్ని ఒక్కపారి పంపిస్త" అన్నారు. తెలుగులోనే రాస్తానన్నారు, నేను చదువుకోవాలి కదా.

"పేరు చెప్పమ్మా."

"వదిన."

"వదిన పేరు?"

"పెద్దవాళ్ళని పేరుపెట్టి ఎలా అంటానండీ?"

ఆయన నవ్వి "వదిన" అనే కొట్టారు. పుస్తకంలో అన్నీ అలాగే ఉన్నాయి. వదిన, పిన్ని, బావగారు, మళ్ళీ వదిన. నాకు ఏ నంబరు పక్కన ఏ వదినో రాత చూస్తే తెలుస్తుంది. పుస్తకంలో ఏ పేజీ, పై నుంచి ఎన్నోది అని గుర్తు.

"సార్ పేరు?" అన్నారు మా ఆయన నంబరు దగ్గర.

"మా ఆయన అని రాయండి."

"గది గూడ చెప్పవా?"

"మీ ఆవిడ మీ పేరు చెప్తుందా?"

"ఆమె నన్ను పిలువనే పిలువది. గిన్నె చప్పుడు చేస్తది, నేనే పోత."

వీటన్నిటికంటే ముందు, మొదటి పేజీ మొదటి నంబరు దగ్గర నేనే ఆయన్ని ఆపాను. అది బొబ్బిలి వదినది. మా ఆయనకి పెద్దక్క. మా అమ్మాయి పెళ్ళిలో హారతి పళ్ళెం తన చేతికి ముందు ఇవ్వలేదని అలిగి వెళ్ళిన మనిషి, తొమ్మిదేళ్ళయింది మాటల్లేవు. "అది వదిలెయ్యండి, ఆవిడతో పని లేదు" అన్నాను.

"పుస్తకంల కొట్టేసినవా?"

"లేదండీ. బతికున్న మనిషి పేరు మీద గీత పెట్టకూడదు."

"అయితే మ్యాటర్‌ల ఉన్నట్టే" అని అదీ టైపు కొట్టారు.

యాభై ముగ్గురూ అయ్యాక, ఒక సన్నటి వైరు ఇటు కంప్యూటర్‌కీ అటు ఫోన్‌కీ తగిలించారు. పలాసలో పిన్ని, రాజమండ్రిలో తోటికోడలు, బోయిన్‌పల్లిలో మా అన్నయ్య భార్య, ఇంతమంది ఈ దారమంత వైరులోంచి ఎలా నడుస్తారు?

"మధ్యలో కరెంటు పోతేనండీ?"

"సగంమంది ఇటుంటరు, సగంమంది అటుంటరు. మల్ల షురూ చేస్తం."

"అటు వెళ్ళిపోతే మరి ఇక్కడ ఉండరా?"

"ఈడ ఉంటరు, ఆడ సుత ఉంటరు. పరేషాన్ గాకు."

తెర మీద ఒక పచ్చగీత ఎడమ నుంచి కుడికి నిండింది. ఫోను చేతిలో ఒక్కసారి ఒణికింది. తెరిచి చూస్తే నా అక్షరాలు, నా మనుషులు. దేవుడొక్కడే ఒకేసారి రెండుచోట్ల ఉండగలడని అనుకునేదాన్ని. నాకు చెయ్యెత్తి దండం పెట్టాలనిపించింది, ఫోనుకో మాస్టారికో తెలియలేదు. ఇద్దరికీ పెట్టాను. ఆయన కంగారుపడి లేచి నిలబడ్డారు.

ఇంటికొచ్చి గుండె మీద చెయ్యేసుకుని పడుకున్నాను. నాలుగు రోజులకే అవసరం వచ్చింది.

పొద్దున్న పదైంది. మా ఆయన మాత్ర వేసుకున్నారు, గ్యాస్ అయిపోయి ఉప్మా ఆలస్యమైంది. చెమటలు పట్టాయి. మాట ముద్దగా వస్తోంది. పక్కింటికి తాళం. బోయిన్‌పల్లి వదిన నర్సుగా చేసి రిటైరైంది, ఆవిడే దిక్కనుకుని ఫోను తీసి "వదిన" అన్న చోట నొక్కాను. మనిషి పలకలేదు. ఒక పేరు కింద ఆరు నంబర్లు వరసగా నిలబడ్డాయి. ఆరుగురు వదినలనీ ఫోను ఒకే మనిషి అనుకుని ఒక్కచోట కలిపేసింది. ఏది ఎవరిదో రాత లేదు, గుర్తు లేదు. పైదాన్నే నొక్కేశాను.

"ఎవులు?" అంది అవతలి గొంతు. తొమ్మిదేళ్ళ తర్వాత కూడా ఆ గొంతు తెలియకపోదు. బొబ్బిలి వదిన.

"వదినా, నేను. మీ తమ్ముడికి..." అని ఏడుపొచ్చేసింది.

"ఏడుపెందుకే, ముందు చెప్పీ. చెమట్లు పట్టినాయేటి? తెలివుందా? మింగగలడా?"

"మింగుతారు. మాట తేడాగా ఉంది."

"పంచదార నీళ్ళు కలిపీ. గ్లాసుడు నీళ్ళకి నాలుగు చెంచాలు. కూకోబెట్టి మెల్లిగా పట్టించీ. ఫోన్ పెట్టీకు, నానున్నాను. మీ అన్నయ్యగారికి వారానికోపాలి ఇదే భాగోతం, నాకు నేర్పక్కర్లేదు."

ఫోను బల్ల మీద పెట్టి నీళ్ళు కలిపాను. ఆవిడ అంత దూరం నుంచి "తాగినాడా? ఎంత తాగినాడు? కళ్ళు సూడు" అని అడుగుతూనే ఉంది. పావుగంటకి మా ఆయన ముఖంలోకి రంగొచ్చింది. ఫోనులోంచి వస్తున్న గొంతు విని, "అక్కేనా?" అన్నారు. "తిండి వేళకి పెట్టదేట్రా నీ పెళ్ళాం?" అంది వదిన. ఆ తిట్టు నాకు మంత్రంలా వినబడింది.

ఆ సాయంత్రం మాస్టారి మీద కోపంతోనే వెళ్ళాను. "నా వదినలందరినీ ఏం చేశారండీ?" అని అడిగి, జరిగింది చెప్పాను. కంప్యూటర్ తెరిచి చూశారు. అందులో ఆరుగురూ ఆరు వరసల్లో విడివిడిగా ఉన్నారు. ఫోనులో ఒక్కటే.

"ఎవ్వరు ఎటు పోలేదమ్మా. అందరు ఒక్కింట్ల ఉన్నరు" అన్నారు. తర్వాత, "తప్పు నాది. మ్యాటర్‌ల ఉన్నట్టు కొట్టిన గని మనిషిని అడగలే" అన్నారు. దుకాణం మూసి, నాతో మా ఇంటికి వచ్చారు. మా ఆయన మంచం పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకున్నారు. అన్నేళ్ళుగా ఒకే బజార్లో ఉండి, ఆయన మా గడప ఎక్కడం అదే మొదటిసారి.

మర్నాడు మళ్ళీ పుస్తకం తీశాం. ఈసారి ఒక్కొక్కరి దగ్గరా ఆగి, "ఈ వదిన అంటే నీకేం యాదికొస్తది?" అని అడిగారు. నర్సు వదిన. మాగాయ వదిన. దగ్గు వదిన, ఆవిడ మాట కంటే ముందు దగ్గు వినబడుతుంది. ఊళ్ళు, వంటలు, జబ్బులు, అన్నీ ఆయన నవ్వకుండా కొట్టారు. మొదటి నంబరు దగ్గర నేను ఆలోచిస్తుంటే ఆయన ఎదురుచూశారు. "పెద్ద వదిన అని రాయండి" అన్నాను. ఆ తర్వాత నుంచి ఎవరు నంబర్లు ఎక్కించమని వచ్చినా, ముందు మనుషుల గురించి అడిగేవారట. పది నిమిషాల పనికి గంట పట్టేదనీ, ఆ గంటసేపూ జనం సంతోషంగా చెప్పుకునేవారనీ విన్నాను.

మా ఆయన ఆ తర్వాత మరో రెండుసార్లు పడ్డారు. రెండుసార్లూ నర్సు వదినకి నా చేత్తో నేనే ఫోన్ చేశాను. బోయిన్‌పల్లి నుంచి ఆటోలో వచ్చింది. బొబ్బిలి వదిన రోజూ పొద్దున్న ఎనిమిదింటికి ఫోన్ చేసి, "తిన్నాడా?" అని అడిగి పెట్టేస్తుంది. మాస్టారు పోయారని చెప్తే ఆవిడ కూడా ఏడ్చింది. ఆయన్ని ఒక్కసారీ చూసింది లేదు.

పదకొండో రోజు దాటాక మాస్టారి భార్యకి ఫోన్ చేశాను. ఎలా ఉన్నావమ్మా అంటే, "ఏముందక్కా, పిల్లలు కొత్త ఫోన్ తెచ్చిచ్చిన్రు. అండ్ల ఎవ్వరు లేరు" అంది. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆవిడకి నంబర్లు అక్కర్లేకపోయింది. చుట్టాలవీ, శిష్యులవీ అన్నీ ఆయన కంప్యూటర్‌లో ఉన్నాయట. "ఇంటికి తెచ్చిన్రు గని నాకు తెరవరాదు. గుడ్డ గప్పి పెట్టిన. పిల్లలకేమో టైం లేదు" అంది. మళ్ళీ, "మొన్నొక్కనాడు జెర గుండె దడదడ అయింది. ఎవరికి చెయ్యాల్నో తెల్వలే" అంది.

"ఎవరూ ముట్టుకోవద్దని చెప్పు, నేనొస్తాను" అన్నాను. అన్నాక భయం పట్టుకుంది. ఆయన చేస్తుంటే పక్కన కూర్చుని చూశాను, నొక్కింది మాత్రం ఎప్పుడూ ఆయనే. వైరు ఏ వైపు ఏది పెట్టాలో కాగితం మీద బొమ్మ గీసుకున్నాను. అమ్మాయి చేత రెండుసార్లు చేయించుకుని చూశాను, మూడోసారి నేనే చేశాను. కరెంటు పోతే ఏం చెయ్యాలో కూడా అడిగి రాసుకున్నాను. బొబ్బిలి వదినకి చెప్తే, "నానూ వస్తాను, ఆ మాస్టారి ఇల్లాలిని సూడాల" అని రైలు టిక్కెట్టు తీయించేసింది.

పని మొదలుపెట్టే ముందు మాస్టారి భార్యని అడుగుతాను, ఒక్కొక్క మనిషి గురించీ. ఎవరంటే ఏం గుర్తొస్తుందో ఆవిడ చెప్పాలి. ఎంతసేపైనా కూర్చుంటాం. వచ్చే నెల రెండో ఆదివారం, పొద్దున్న పదింటికి, కాప్రాలో మాస్టారి ఇంట్లో.