పిన్ని ఊరికి ముందు ఒక వరండా

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున మా అమ్మ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. ఆరాధనకి తెల్లచీర కట్టుకుని, తల దువ్వుకుని, గుమ్మం పక్క కుర్చీలో కూర్చుంది. నేను లోపలికెళ్ళి బైబిలు సంచీ తెచ్చేసరికి ప్రాణం లేదు. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా ఒకటే మాట అన్నారు, "తయారై వెళ్ళేరండీ" అని. ఆవిడ సంగతి తెలిసినవాళ్ళకి అందులో వింతేం లేదు. తయారవకుండా ఎక్కడికైనా వెళ్ళే మనిషి కాదు మా అమ్మ.

ఊరెళ్తే తిన్నగా చుట్టాలింట్లో దిగకూడదనేది. ముందు ఎక్కడో ఒకచోట ఆగాలి, మొహం కడుక్కోవాలి, చీర మార్చుకోవాలి, అప్పుడు వెళ్ళాలి. నా చిన్నప్పుడు బస్టాండులో కుళాయి దగ్గర నా మొహం తోమి తోమి కడిగేది, ఇత్తడి చెంబేదో తోముతున్నట్టు. "వాడిపోయిన మొహంతో వెళ్తే, ఆ ఇల్లాలు మనల్ని చూసి సంతోషిస్తుందా, మంచం వాలుస్తుందా?" అనేది. నాకు ఒళ్ళు మండేది. అత్తారింటికొచ్చేక, ఎండన పడి వచ్చి సోలిపోయే చుట్టాలకి మంచాలు వాల్చీ వాల్చీ గానీ ఆవిడ మాటలో నిజం నాకు తెలిసిరాలేదు.

అమ్మకి ఒక్కగానొక్క చెల్లెలు, మా పిన్ని. భీమవరంలో ఉంటుంది. రెండేళ్ళ క్రితం స్నానాల గదిలో జారిపడి తుంటి విరిగింది. ఆపరేషను బాగానే జరిగింది, నడవమన్నారు, కానీ ఆవిడ మంచం దిగితేనా! ఫోను చేస్తే చాలు, ఇంక నా వల్ల కాదే అక్కా అని ఏడుపు. అమ్మ అంతా విని ఒకరోజు తీర్మానించేసింది.

"నేను దాని గుమ్మంలోకి నడిచి వెళ్ళాలి. ఎవరూ పట్టుకోకూడదు. అప్పుడు లేస్తుందది."

అంటున్నదెవరూ? గుండె జబ్బు మనిషి, మోకాళ్ళు అరిగిపోయినావిడ. అమలాపురం నుంచి భీమవరం మామూలువాళ్ళకి పెద్ద దూరమేం కాదు. అమ్మకి మాత్రం డాక్టరుగారు మధ్యలో ఎక్కడైనా ఆగి నడుం వాలిస్తేనే ప్రయాణం అన్నారు.

ఇంక నేను ఫోను పట్టుకుని చోటు వెతకడంలో పడ్డాను. ఓడలరేవు సముద్రం బాగుంటుంది గానీ దారి అటు కాదు, పైగా ఇసకలో ఆవిడ కాళ్ళు కూరుకుపోతాయి. అప్పనపల్లి దగ్గర నీడుంటుంది, కానీ మాకు కుదిరేది శనివారం, ఆ రోజు గుడికి జనం. ఆఖరికి దిండిలో, గోదావరి ఒడ్డున, ఒక గది తీసుకున్నాను. కిటికీ తెరిస్తే నది, ఏసీ, మెత్తటి పరుపు. కారు నేనే తోలుతూ, నా తెలివికి నేనే మురిసిపోతూ తీసుకెళ్ళేను.

అమ్మ లోపలికొచ్చి చుట్టూ చూసి, బాగుందమ్మా అంది. దుప్పటి మరీ అంత తెల్లగా ఉంటే ఎలా పడుకుంటాం అని మంచం కొసాకి కూర్చుంది. కాఫీ తెచ్చినాయన్ని చూసి లేచి నిలబడింది. ఆయన వెళ్ళేదాకా కూర్చోలేదు. నేను బయట ఫోను మాట్లాడి వచ్చేసరికి చెంగు దోపుకుని, మొహం కడుక్కునే సింకు తుడుస్తోంది. అదేంటమ్మా అంటే, మనం వెళ్ళేక ఎవరో వచ్చి చూస్తారు కదా, ఏమనుకుంటారు అంది. మేం బయల్దేరే వేళకి గది అద్దంలా ఉంది. అమ్మకి మాత్రం ఓపిక అయిపోయింది.

భీమవరంలో నేనూ పిన్ని కోడలూ చెరో రెక్కా పట్టుకుని దింపేం. మంచం మీంచి అది చూసి పిన్ని గోడవైపు తిరిగిపోయింది. నీకే ఇలా ఉంటే ఇంక నేనెందుకు లేవడం అంది. తిరుగు ప్రయాణంలో నాకు ఏడుపొక్కటే తక్కువ.

నెల తిరక్కుండా అమ్మ మళ్ళీ వెళ్దాం అంది. ఆగే చోటు ఈసారి తను చూసుకుంటానంది. రాజోలు దాటేక కాలవ పక్కన చిన్న చర్చి, దాని వెనక పాస్టరుగారి ఇల్లు. చుట్టాలేం కారు, ఎప్పుడో ప్రార్థన కూటాలకి వెళ్ళినప్పటి పరిచయం. పాస్టరమ్మగారు వరండాలో కూర్చుని చీపుళ్ళకి కొబ్బరి ఈనెలు తీస్తున్నారు. కాసేపు కూర్చుని వెళ్తామమ్మా అంది అమ్మ. ఆవిడ, "ఆయ్, కూర్చోండమ్మగారూ. కుళాయి అటుందండి" అని మళ్ళీ ఈనెల్లో పడ్డారు. కాఫీ లేదు, బొండం లేదు. మా కోనసీమలో ఇది ఎంత అపచారమో చెప్పక్కర్లేదు. నాకు చిన్నతనంగా కూడా అనిపించింది. అమ్మ పడక్కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. కత్తి ఈనె మీద సర్రున జారుతోంది, కాలవలో బాతులు గోల చేస్తున్నాయి, కాసేపటికి వాటితోపాటు అమ్మ గురక.

లేచేక మొహం కడుక్కుని, లోపలి గదిలో తలుపేసుకుని, గంజి పెట్టిన నీలం నేతచీర కట్టుకుని వచ్చింది. కారెక్కేక అంది:

"మన కోసం ఎవరూ పని మానుకోని చోటే మనకి విశ్రాంతి, అమ్మాయ్."

పెద్దవాళ్ళని తీసుకెళ్తున్నాం, దారిలో ఎక్కడ ఆగితే బాగుంటుందండీ అని తెలిసినవాళ్ళు ఇప్పటికీ నన్ను అడుగుతూంటారు. నేను ఊళ్ళ పేర్లు చెప్పను, ఈ మాట చెప్తాను.

ఆ రోజు పిన్ని గుమ్మంలోకి అమ్మ తనంతట తాను నడిచింది. మెల్లిగా, గోడైనా పట్టుకోకుండా. పిన్ని నోరు తెరుచుకుని చూసింది. పక్కనే, పట్టుకుని నడవడానికి కొన్న వాకరు మీద తువ్వాళ్ళు ఆరేసి ఉన్నాయి. అమ్మ వాటిని తీసి మంచం మీద పడేసి, చెయ్యి చాపి, లే అంది. పిన్ని అమ్మని తిట్టుకుంటూనే లేచి నిలబడింది. అంతే, నిలబడింది. నడక ఆ తరవాత నెలల్లో వచ్చింది. మేం వెళ్ళిన ప్రతిసారీ ఆ వరండాలో ఆగేం, ఆ సంగతి అమ్మ పిన్నికి చెప్తూనే ఉండేది.

అమ్మ పోయిన ఆ ఆదివారం మధ్యాహ్నం దాటినా పిన్ని కారు రాలేదు. వాళ్ళ కోడలికి ఫోను చేస్తే, రాజోలు దగ్గర ఆగేం వదినా, అత్తయ్యగారు ఆపమన్నారు అంది. చావింటికి వచ్చేవాళ్ళు దారిలో ఆగడమేమిటని మావాళ్ళెవరో గొణిగేరు. నేను వెళ్ళి గేటు బార్లా తీసేను.

కారొచ్చింది. పిన్ని వాకరు పట్టుకుని దిగింది. కోడలు చెయ్యి వెయ్యబోతే వద్దంది. తల నున్నగా దువ్వుకుంది, మడత నలగని తెల్లచీర కట్టుకుంది. మేమందరం పక్కకి తప్పుకున్నాం. గేటు దగ్గర్నుంచి వాళ్ళక్క దగ్గర దాకా ఒక్కో అడుగే వేసుకుంటూ నడిచి వచ్చింది. చెవి పక్కన జుట్టు ఇంకా తడిగానే ఉంది.