యాభైకల్లా మానేస్తా

రోడ్డు మీద తారు కరిగే ఎండల్లో చంకలో ఉన్ని స్వెట్టరు పెట్టుకుని ఉద్యోగానికి బయల్దేరే మనిషిని చూస్తే ఎవరికైనా రెండు అనుమానాలు వస్తాయి. ఒకటి జ్వరం. రెండోది పైకి అనకూడనిది. ఆయనకి రెండూ లేవు. కోల్డ్ స్టోరేజీలో పని, అంతే. బయట జనం చెమటలు కక్కుతుంటే లోపల ఆయన మీసాల మీద మంచు పేరుకునేది. వీధిలో వాళ్లు స్వెట్టరాయన అని పేరు పెట్టేశారు. అసలు పేరుతో పోస్టుమాన్‌కి తప్ప ఎవరికీ పని పడలేదు.

పని వినడానికి తేలికే. గడ్డకట్టిన చేపలూ బఠాణీలూ ఉన్న అట్టపెట్టెలు లోపలికి వస్తాయి, బయటికి పోతాయి. వచ్చిన ప్రతి పెట్టె మీదా తేదీ చీటీ అంటించాలి. మందపాటి చేతితొడుగులతో ఆ చీటీ వెనక కాయితం ఊడిరాదు. కుడిచేతి తొడుగు తీసి అంటించాలి, మళ్లీ తొడుక్కోవాలి, మళ్లీ తీయాలి. ఎంత ఓపికమంతుడైనా కాసేపటికి విసుగొచ్చి తొడుక్కోవడం మానేస్తాడు. ఆయనా మానేశాడు. ఏళ్ల తరబడి అలా చేసేసరికి వేళ్లు ముందు తెల్లబడటం, తర్వాత నీలపడటం, ఇంటికొచ్చాక భగభగా మండటం మొదలయ్యాయి. సాయంత్రం చొక్కా బొత్తాలు విప్పుకోవడానికి కూడా వంగేవి కావు.

ఒకసారి గేటు దగ్గర కాటా గదిలో ఖాళీ వస్తే సూపర్‌వైజరు ఆయన్నే పిలిచి అడిగాడు. వచ్చే పోయే లారీల బరువు చూసి రాసుకునే పని. వెచ్చటి గది, కూర్చోవడానికి కుర్చీ. "వద్దు సార్" అనేశాడు స్వెట్టరాయన. మంచు గదిలో పనిచేసేవాళ్లకి జీతం మీద చలి భత్యం అని కొంత వస్తుంది. కాటా గదికి వెళితే అది పోతుంది. ఆ భత్యం మీదే ఆయన పథకమంతా నిలబడి ఉంది. పథకం ఏమిటంటే, యాభై ఏళ్లు వచ్చేసరికి ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చోవడం.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఎవరో ఫోనులో చూపించిన వీడియోతో పట్టుకుంది ఈ పిచ్చి. జీతంలో వీలైనంత దాచు, దాచింది డిపాజిట్ చెయ్యి, ఆ వడ్డీతో బతుకు, నలుగురికంటే పదేళ్లు ముందే హాయిగా ఉండు అని చెప్పాడు అందులో మనిషి. జన్మలో ఒక్క పెట్టె ఎత్తినవాడిలా లేడు గానీ మాట మాత్రం తియ్యగా చెప్పాడు. తోటివాళ్లు "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట" అని నవ్వి చేతులు కడుక్కున్నారు. స్వెట్టరాయన నవ్వలేదు. ఆ రోజు నుంచీ బీరువా కొనడమూ మానేశాడు, చెప్పులు కొనడమూ మానేశాడు. ఎవరు ఏం కొనమన్నా ఒకటే జవాబు: "యాభైకల్లా మానేస్తా."

నలభై ఎనిమిదో ఏట ఆయనకి ఇంకో ఆలోచన వచ్చింది. నాటకానికి ముందు రిహార్సలు వేస్తారు కదా, రిటైర్మెంటుకి ఎందుకు వెయ్యకూడదు? ఒక ఏడాది పాటు, తన డిపాజిట్ల మీద వడ్డీ ఎంత వస్తుందో అంతే ఇంటి ఖర్చుకి ఇస్తాడు. జీతం ముట్టుకోరు. ఏడాది సాఫీగా గడిచిందంటే యాభై దాకా ఆగక్కర్లేదు, రాజీనామా ఇచ్చెయ్యొచ్చు.

ఆ సాయంత్రం ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. అందరూ అంటే భార్య, కాలేజీకి వెళ్లే కూతురు, వాళ్లతోనే ఉండే అత్తగారు. భార్య వేళ్ల మీద ఏదో లెక్క వేసి ఆపేసింది. కూతురు తల్లి మొహం చూసింది. ముందుగా నోరు విప్పింది అత్తగారే.

"చేద్దాం బాబూ. మీరు ఆ మంచులోంచి బయటపడితే అదే పదివేలు."

ఆ ఇంట్లో సాయంత్రాల సంగతి కూడా చెప్పాలి. స్వెట్టరాయన రాగానే భార్య బేసినులో గోరువెచ్చటి నీళ్లు పోసి పెట్టేది. ఆయన అందులో చేతులు ముంచి, గోడకి తల ఆనించి, కళ్లు మూసుకునేవాడు. చేతులు నీళ్లలో ఉన్నవాడు పేపరు ఎలా తిప్పుతాడు? అందుకని అత్తగారు పక్కన కూర్చుని పేపరు చదివి వినిపించేది. చదవడానికి ముందు ఒక మాట అడిగేది: "వేళ్లు ఎలా ఉన్నాయి బాబూ?" "తగ్గుతోంది అత్తయ్యా" అనేవాడు. తర్వాత వార్తలు.

రిహార్సలు బ్రహ్మాండంగా సాగింది. ప్రతి నెలాఖరుకీ "సరిపోయిందా?" అని అడిగేవాడు. "సరిపోయిందండీ" అనేది భార్య. ఒక నెలలో కాస్త మిగిలింది కూడా. స్వెట్టరాయన నేల మీద నిలవలేదు. కోల్డ్ స్టోరేజీలో కనబడిన ప్రతివాడికీ పొదుపు మీద ఉపన్యాసం ఇచ్చాడు. ఆయన వస్తున్నాడంటే జనం చేపల పెట్టెల వెనక్కి తప్పుకునేవాళ్లు.

అదేం చిత్రమో, ఆ ఏడు లోకం కూడా బాగుపడినట్టే ఉంది. అత్తగారు చదువుతుంటే రోజూ శుభవార్తలే. మందుల ధరలు తగ్గాయి. వానలు వేళకి పడ్డాయి. పడవ మునిగింది గానీ అందరికీ ఈత వచ్చు. ఏడాది చివర్లో ఒకనాడు ఆవిడ పేపరు మొహానికి దగ్గరగా పెట్టుకుని చదివింది: "డిపాజిట్ల మీద వడ్డీ బాగా పెంచుతున్నారు."

స్వెట్టరాయన కళ్లు తెరిచాడు. "మళ్లీ చదవండి అత్తయ్యా."

ఆవిడ మళ్లీ చదివింది. రెండోసారి ఇంకొంచెం పెంచింది కూడా.

ఇంక ఆగడం దేనికి? ఒక పూట సెలవు పెట్టాడు. ముందు బ్యాంకుకి వెళ్లి డిపాజిట్లన్నీ కొత్త వడ్డీకి మార్చుకోవాలి, అక్కణ్ణుంచి నేరుగా వెళ్లి సూపర్‌వైజరు చేతిలో రాజీనామా పెట్టాలి. రాసిన కాయితం జేబులోనే ఉంది.

బ్యాంకులో కౌంటరు వెనక ఉన్న అమ్మాయి ఆయన చెప్పింది శ్రద్ధగా వింది. "పెంచలేదండీ. రెండుసార్లు తగ్గించారు. మీవి గడువు తీరితే ఇప్పుడొచ్చే దానికంటే తక్కువే వస్తుంది."

"పేపర్లో వేశారమ్మా. మా అత్తగారు చదివారు."

"మీ అత్తగారిని మా బ్యాంకుకి పెద్దగా వేస్తే బాగుండునండీ" అని ఆ అమ్మాయి నవ్వింది. ఆయన నవ్వకపోయేసరికి పాపం తనే నొచ్చుకుని, వడ్డీల బోర్డు వైపు చెయ్యి చూపించింది.

స్వెట్టరాయన కోల్డ్ స్టోరేజీకి వెళ్లలేదు. ఇంటికి వచ్చాడు. అత్తగారు కిటికీ పక్కన కూర్చుని ఉంది. బల్ల మీద మడతపెట్టిన పేపరు అందుకుని విప్పాడు. మడతల దగ్గర నలిగి చిరుగులు పట్టి ఉంది. తేదీ చూశాడు. కిందటేడాదిది. అడుగున ఇంకో నాలుగు పేపర్లున్నాయి, అవీ ఆ నెలవే.

"ఏమిటిది?" అని అరిచాడు. ఆ అరుపుకి భార్య వంటింట్లోంచి, కూతురు గదిలోంచి వచ్చారు.

"రిహార్సలు మొదలైన నెల్లోనే పేపరు మాన్పించేశానండీ" అంది భార్య. "ఆ డబ్బు గ్యాసుకి కావలసొచ్చింది."

"మరి రోజూ చదివింది?"

జవాబు చెప్పడానికి అత్తగారు తలెత్తింది. ఆవిడ తన మొహం వైపు కాకుండా కాస్త పక్కకి చూస్తూ మాట్లాడుతోందని ఆయన అప్పుడే గమనించాడు.

"కొత్త పేపరు వేయించినా నాకు కనబడదు బాబూ. శుక్లాలు ముదిరిపోయాయి. ఆపరేషన్ అంటే మీ లెక్క తప్పుతుందని ఊరుకున్నాను. మీరు కళ్లు మూసుకుని వింటారు కదా, నోటికొచ్చింది చదివాను. బ్యాంకు దాకా వెళతారనుకోలేదు."

స్వెట్టరాయన పేపరు బల్ల మీదికి విసిరేశాడు. మాట కోపంగానే వచ్చింది. "ఏడాదిపాటు ముగ్గురూ కలిసి నన్ను వెర్రివాణ్ణి చేశారన్నమాట!"

కూతురికి ఒళ్లు మండింది. "ఎవరు నాన్నా వెర్రివాళ్లు? నేను బస్సు పాసు మానేసి నడిచి వెళుతున్నాను. అమ్మ పన్ను పుచ్చిపోయి ఒక పక్కే నములుతోంది. ఒక్కరోజైనా కనబడిందా నీకు?"

"నువ్వుండు" అంది తల్లి. తర్వాత భర్త వైపు తిరిగింది. "మొదటి నెల్నుంచే సరిపోలేదండీ. సరిపోలేదని చెబితే మీరేం చేస్తారు? ఇంకో పదేళ్లు ఆ మంచులోనే ఉంటానంటారు. మీరు బయటికొస్తే చాలనుకున్నాం. మా తిప్పలు మేం పడదామనుకున్నాం."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. లెక్కలో తప్పు లేదు. మనుషుల్నే కుదించి అందులో పట్టించారు. అడగకుండానే, సంతోషంగా. ఆ సంతోషం తలుచుకుంటే ఆయనకి ఏడుపొచ్చింది, అందరి ముందూ ఏడ్చాడు కూడా.

జేబులో కాయితం చింపేశాడు. ఒక డిపాజిట్ గడువు తీరకుండానే తీసేసి అత్తగారి కళ్లకి ఆపరేషన్ చేయించాడు, భార్యకి పన్ను కట్టించాడు. పేపరూ బస్సు పాసూ మళ్లీ మొదలయ్యాయి. తను మాత్రం మంచు గదిలోనే ఉండిపోయాడు. పోయింది పూడ్చాలంటే చలి భత్యం కావాలి కదా. యాభై కాకపోతే యాభై అయిదు, అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు.

అత్తగారి రెండో కంటి కట్టు విప్పి, కొత్త అద్దాలు వచ్చిన రోజు ఇంట్లో సందడిగా ఉంది. ఆవిడ కూతుర్ని చూసి "నీకు తల నెరిసిందేమిటే!" అంది. మనవరాల్ని చూసి చిక్కిపోయావంది. గోడ మీద పెచ్చులూడిన చోట్లన్నీ ఒక్కొక్కటే ఎత్తి చూపించింది. అందరూ నవ్వుతూనే ఉన్నారు. సాయంత్రం అల్లుడు వచ్చాడు. భార్య బేసిను తెచ్చి పెట్టింది. ఆయన గబుక్కున చేతులు నీళ్లలో ముంచబోయాడు.

"ఆగండి బాబూ. ఏవీ, ఇలా చూపించండి."

"ముందు పేపరు చదవండి అత్తయ్యా."

"చూపించండి."

చూపించాడు. మూడు వేళ్ల కొసలు నల్లబడి బిరుసెక్కిపోయాయి. ఒక గోరు ఊడిపోయింది. పగిలినచోట మందు పూసి ఉంది, అది కూడా నయమవుతున్నట్టు లేదు. అత్తగారు ఆ చేతుల్ని తన ఒళ్లోకి తీసుకుని, అద్దాలు సవరించుకుని, తిరగేసి బోర్లేసి చూసింది.

"ఎలా ఉన్నాయని రోజూ అడిగాను. తగ్గుతోందన్నారు."

ఆయన తల వంచుకున్నాడు.

"అయితే మీరూ నాకు లేని వార్తలే చెప్పారన్నమాట."

ఆవిడ దెప్పలేదు, మామూలుగానే అంది. అయినా ఆ మాటతో బ్యాంకులో నిలబడ్డ రోజు కంటే ఎక్కువ సిగ్గేసింది ఆయనకి. భార్య బేసిను పక్కనే కింద కూర్చుండిపోయింది. తన కళ్లు బాగానే ఉన్నాయి, కానీ ఆయన వచ్చీ రాగానే చేతులు నీళ్లలో దాచేసుకుంటున్నాడని ఆవిడకీ తట్టలేదు.

మర్నాడు పొద్దున్నే స్వెట్టరాయన సూపర్‌వైజరు గదికి వెళ్లాడు.

"సార్, కాటా గది ఖాళీ ఉందా?"

"ఉంది. పనివాళ్లు నిలవట్లేదు. కానీ భత్యం పోతుందయ్యా. యాభైకల్లా మానేస్తానని ఊరంతా చాటావు. మరి దాని సంగతేమిటి?"

"ఇంక కుదరదు సార్. అందరిలాగే అరవై దాకా చేస్తాను" అన్నాడు స్వెట్టరాయన. తర్వాత చేతుల వైపు చూసుకుని, ఏదో చిన్న సాయం అడుగుతున్నవాడిలా నెమ్మదిగా అన్నాడు: "అప్పటిదాకా ఇవి ఉండాలి కదా సార్."