ఏసురాజు లెఫ్ట్

ఏసురాజుకి అలగడమంటే ఇష్టం. కొందరికి పేకాట, కొందరికి సినిమాలు, ఆయనకి అలక. అలాగని మూతి ముడుచుకుని మూల కూర్చునే రకం కాదు. నలుగురూ చూస్తుండగా, చెప్పి మరీ, దణ్ణం పెట్టి మరీ అలిగేవాడు. అలిగాక ఎవరో ఒకరు వచ్చి బతిమాలితే గాని మామూలు మనిషయ్యేవాడు కాదు. ఆ బతిమాలే పని ఎక్కువగా పద్మజ మీద పడేది.

పద్మజది కోటబొమ్మాళి. విజయనగరంలో ఒక బీమా ఆఫీసులో ఉద్యోగం. పొద్దున్న పాసింజరులో వెళ్లి, సాయంత్రం పాసింజరులో తిరిగొచ్చేది. ఏళ్ల తరబడి ఆ బండిలో మూడో బోగీ ఎక్కే సీజన్ టికెట్ల వాళ్లంతా ఒకరికొకరు చుట్టాలైపోయారు. 2016 నాటికి అందరి చేతుల్లోకీ పెద్ద ఫోన్లు వచ్చాయి. అప్పుడు పద్మజ వాళ్లందరినీ పోగుచేసి వాట్సాప్‌లో ‘మూడో బోగీ’ అని ఒక గ్రూపు పెట్టింది. బండి ఎంత లేటో చెప్పుకోవడానికని పెట్టింది. వారం తిరిగేసరికి అందులో బండి సంగతి తప్ప అన్నీ నడిచేవి. ఎవరింట్లో ఏం కూర, ఎవరి పిల్లకి ఏ సంబంధం, ఎవరి గేదె ఎటు పోయింది. బోగీలో మాట్లాడుకున్నది చాలక, ఇంటికెళ్లి కాళ్లు కడుక్కుని మళ్లీ అదే మాట్లాడుకునేవాళ్లు.

ఏసురాజుదీ కోటబొమ్మాళే. విజయనగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసేవాడు. యాభై దాటిన వయసు, బానపొట్ట, బాప్టిస్టు చర్చిలో పాడేవాళ్లందరిలోకీ బొంగురు గొంతు. రోజంతా చీకటి గదిలో "ఊపిరి బిగబట్టండి... వదలండి" అంటూ ఉండటం వల్ల కాబోలు, గ్రూపులోనూ ఆయన పద్ధతి అదే. ముందు అందరి చేతా ఊపిరి బిగబట్టించేవాడు. తరవాత తను గ్రూపు వదిలేవాడు.

మొదటిసారి అలిగింది ‘కె’ మీద. ఆ రోజు కిటికీ సీటు ఎవరిదన్న దాని మీద గ్రూపులో మాటా మాటా పెరుగుతోంది. మధ్యలో ఏసురాజు గులాబీ పువ్వు బొమ్మ పెట్టి శుభోదయం అన్నాడు. బ్యాంకులో పనిచేసే యుగంధర్ దానికి ఓకే అని పూర్తిగా కొట్టకుండా ఇంగ్లీషులో ‘కె’ అని ఒక్క అక్షరం కొట్టాడు.

"ఓకేలో ఉన్నవే రెండచ్చరాలు. ఒకటి నాకిచ్చి ఒకటి దాసుకున్నాడు. ఇంత పిసినారోళ్లున్న కాడ నేనుండను. అందరికీ సెలవు" అని రాశాడు ఏసురాజు. మరుక్షణం తెరమీద సన్నటి అక్షరాలు వచ్చాయి. ఏసురాజు లెఫ్ట్.

పద్మజ కంగారుపడి ఫోన్ చేసింది.

"అన్నయ్యా, ఏటిది? ఆ అబ్బాయి తొందర్లో కొట్టీసుంటాడు."

"తొందరైతే ఊరుకోవాల గాని, ఆ ఒక్క ముక్కా ఎందుకమ్మా?"

"రేపు రెండూ కొట్టమంటాను."

"ఇంకా నాలుగు ఎక్కువ కొట్టమను. నా మనసు కష్టపడింది కదా."

మర్నాడు యుగంధర్ ఓకేని తెర ఈ చివర నుంచి ఆ చివర దాకా సాగదీసి పంపాడు. ఏసురాజు తిరిగొచ్చాడు. ఆ నవ్వుల్లో కిటికీ సీటు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

రెండోసారి పాపం పోతురాజు వల్ల. పోతురాజుది భావనపాడు వైపు సముద్రపు ఒడ్డున ఊరు. విజయనగరం మార్కెట్లో చేపల కొట్టు నడిపేవాడు. చేపల బుట్టలు లగేజీ పెట్టెలో, మనిషి మూడో బోగీలో ప్రయాణం. ఆ రోజు అతనూ, అదే బోగీలో వచ్చే రాబర్ట్ మాస్టారూ క్రికెట్టు మీద పడి గ్రూపులో గట్టిగా కేకలేసుకుంటున్నారు. అప్పుడు ఏసురాజు రాశాడు: "మా అత్తకి జొరం తగ్గింది. దేవునికి స్తోత్రం." పోతురాజు దణ్ణం బొమ్మ పెట్టబోయి, కళ్లంట నీళ్లొచ్చేలా నవ్వే బొమ్మ పెట్టాడు.

"మా అత్త బతికినందుకు పోతురాజు నవ్వుతన్నాడా, ఏడస్తన్నాడా? రెండింట్లో ఏదైనా నాకు అవమానమే" అని రాసి, ఏసురాజు లెఫ్ట్.

పోతురాజుకి రాయడం బద్ధకం. ఏదైనా నోటితో చెప్పి పంపేవాడు. "ఓలమ్మో, నా బొటనేలు సొరసేప తోకంత ఉన్నాది. ఈ బొమ్మలేమో నూకలంత ఉన్నాయి. దణ్ణమెట్టబోతే నవ్వొచ్చీసింది. బావా, వచ్చీ బావా!" రాబర్ట్ మాస్టారు కూడా పోతురాజు తరఫున బతిమాలాడు. సాయంత్రం దాకా అందరూ ఆ అత్తగారి ఆరోగ్యం అడగడంతోనే సరిపోయింది.

గ్రూపులో అలిగినవాడు బోగీలో ఎలా కూర్చుంటాడు? అందుకని అలిగిన రోజుల్లో ఏసురాజు నాలుగో బోగీ ఎక్కేవాడు. కాని నిలబడటం మాత్రం మూడో బోగీ ఆగే చోటే. అందరూ ఎక్కేదాకా అటు తిరిగి నిలబడి, కూత వెయ్యగానే పొట్ట పట్టుకుని పరుగెత్తేవాడు. స్టేషను వచ్చినప్పుడల్లా దిగి, మూడో బోగీ కిటికీల ముందు నుంచి కుళాయి దాకా నడిచి, నీళ్లు తాగకుండా వెనక్కి వెళ్లేవాడు. తను వాళ్లని చూడటం లేదన్న సంగతి వాళ్లకి కనబడాలి కదా. బటానీలు అమ్ముకునే గున్నమ్మ రెండు బోగీల మధ్య రాయబారం నడిపేది.

"అలకబాబు మిమ్మల్ని టిఫినీలు తిన్నారేటని అడగమన్నాడు. తను అడిగినట్టు సెప్పొద్దన్నాడు" అని చెప్పేసి పోయేది.

ఒక ఆదివారం చర్చి అయ్యాక పద్మజ ఏసురాజు భార్య ప్రిస్కిల్లాని పట్టుకుంది.

"వదినా, ఈ అలకలతో ఇంట్లో ఎలాగ వేగుతన్నావమ్మా?"

"ఇంట్లోనా? పెళ్లైన కాణ్నించి ఒక్కనాడు అలగనేదు. ఉప్పు నేని పప్పెట్టినా తినీసి ఎలిపోతాడు."

"మరి మా మీదే ఎందుకలుగుతాడు?"

"మీరు బతిమాలతారు. నాకంత తీరికేదమ్మా?" అని ప్రిస్కిల్లా బైబిలు సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

ఇలా నవ్వుకుంటూ నడుస్తున్న గ్రూపులో వానాకాలం ఒకరోజు నిజమైన గొడవ వచ్చింది.

ఆ పొద్దున్న చేపల బుట్టల్లో మంచు కరిగి, బుట్ట ఎత్తుతుంటే నీళ్లన్నీ పోతురాజు చొక్కా మీద పడ్డాయి. మార్చుకోవడానికి ఇంకో చొక్కా లేదు. పిండుకుని, దులుపుకుని, వచ్చి తలుపు దగ్గరే కూర్చున్నాడు. శ్రీకాకుళం రోడ్డులో యుగంధర్ ఎక్కాడు. ఇస్త్రీ మడత నలగని మనిషి, సెంటు కొట్టుకోకుండా గడప దాటడు. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, ఫోన్ తీసి, గ్రూపులో రాశాడు: "కొందరు ఒళ్లు కడుక్కుని బండెక్కితే మిగతావాళ్లం ఊపిరి పీల్చుకుంటాం."

బోగీ అంతటా ఫోన్లు టింగు టింగుమన్నాయి. అందరూ చదివారు. ఒక్కరూ తలెత్తలేదు.

పోతురాజు ఫోన్ నోటి దగ్గర పెట్టుకున్నాడు. "ఎవుర్ని బాబూ అంటన్నావు? పేరెట్టి సెప్పు." ఆ మాట మొదట బోగీలో వినబడింది, తరవాత ఫోన్లలో వినబడింది. ఇద్దరి మధ్యా ఉన్నవి నాలుగు బల్లలు. అయినా మాటలు గ్రూపు గుండానే వెళ్లి వస్తున్నాయి.

"ఎవరికి తగిలితే వాళ్లని" అని కొట్టాడు యుగంధర్.

"ఆదివారం మా కొట్లో వంజరం ముక్క ముక్కుకాడెట్టుకుని సూసినావు కదా. అప్పుడు కంపు రానేదా?"

"చేప కంపు వేరు. మనిషి కంపు వేరు."

పోతురాజు ఫోన్ దించేశాడు. సరిగ్గా అప్పుడే ఏసురాజు సందేశం వచ్చింది. "గ్రూపు డీపీ ఫోటోలో నా తలకాయ సగమే పడింది. ఇన్నాళ్లూ ఓర్సుకున్నాను. ఇంక నా వల్ల కాదు." ఏసురాజు లెఫ్ట్. పొందూరులో దిగి, వానలో గొడుగేసుకుని, ఒకటికి రెండుసార్లు కిటికీల ముందు తిరిగి నాలుగో బోగీ ఎక్కాడు.

ఎవరూ నవ్వలేదు. ఎవరూ పిలవలేదు. కాసేపటికి దాని కిందనే ఇంకో వరస వచ్చింది. పోతురాజు లెఫ్ట్. అతను ఒక్క మాట కూడా రాయలేదు.

సాయంత్రం బండిలో పోతురాజు మూడో బోగీకి రాలేదు. గ్రూపులో ఎవరూ కూర సంగతి కూడా ఎత్తలేదు. పద్మజకి అందరికన్నా ఏసురాజు మీదే మండింది. ఒక మనిషి పరువు పోతుంటే ఈయనకి సగం తలకాయ కావలసి వచ్చిందా? ఇంక బతిమాలేది లేదు, దులిపెయ్యాలనుకుంది. మర్నాడు పొద్దున్న కోటబొమ్మాళిలో తనే నాలుగో బోగీ ఎక్కింది.

అవతలి తలుపు నుంచి ఎక్కడంతో వాళ్లు ఆమెని చూడలేదు. వాళ్లు అంటే ఏసురాజు ఒక్కడే కాదు, పక్కన పోతురాజు కూడా ఉన్నాడు. పద్మజ వాళ్ల బల్ల వెనకే ఆగిపోయింది.

"అలగడం నీకు సేతకాదురా పోతురాజూ" అంటున్నాడు ఏసురాజు. "మాటా పలుకూ నేకుండా పోతే అది అలకా? కోపమంటారు దాన్ని."

"కోపమే బావా. సొక్కా తడిసింది, వాసనొస్తన్నాదంటే దూరంగా కూకుందును. మనిషి కంపన్నాడు. అంటే నన్నూ అన్నాడు, మా అయ్యనీ అన్నాడు."

"అన్నాడు. ఆ మాట ఆడే వచ్చి ఎనక్కి తీసుకోవాల. ఆడికైనా రాత్రి కూడు సయించుండదు. కానీ ఎలాగొస్తాడు? నువ్వు తలుపు గడియెట్టీసినావు. నేనెప్పుడలిగినా తలుపు ఓరగా ఒగ్గీసి ఎలతాను. ఏదో పిచ్చి సాకు సెప్తాను. పిచ్చి సాకైతే బతిమాలడానికొచ్చినోడికి నామోషీ ఉండదు."

పోతురాజు అతని మొహంలోకి చూశాడు. "అంటే ఇన్నాళ్లూ నువ్వు..."

"కిరికెట్టు మీద నువ్వూ రాబర్ట్ మాస్టారూ కొట్టుకోబోయినారా నేదా? మా అత్త జొరం అడిగి అడిగి ఇద్దరూ ఒకటైపోనేదా? మా అత్తకి జొరమే రానేదు. గుండ్రాయిలాగున్నాది. నిన్న కూడా అలాగే సేద్దామనుకున్నాను. నా అలక పారనేదు."

కిటికీ సీటు గొడవ నాటి ‘కె’ పద్మజ కళ్ల ముందు మెదిలింది. అలకలన్నీ ఒక్కొక్కటే తలుచుకుంటే, ప్రతిదానికీ ముందు ఎవరో ఇద్దరు కస్సుబుస్సులాడుకోవడం గుర్తొచ్చింది. దులిపెయ్యాలని వచ్చిన సంగతే మరిచిపోయింది.

"అన్నయ్యా!" అంది.

ఏసురాజు ఉలిక్కిపడి తిరిగాడు. "ఇన్నావేటి?"

"అంతా ఇన్నాను."

"ఎవురికీ సెప్పీకమ్మా. తెలిసిపోతే ఇంక నా మొహం సూసి బతిమాలేదెవురు?" అని, వెంటనే గొంతు తగ్గించాడు. "ఇన్నావు కాబట్టి పన్లోకి దిగు. యుగంధర్ని ఇక్కడికి పంపించు. నన్ను బతిమాలడానికనే సెప్పు. ఈడి సంగతి ఎత్తకు."

"ఆడొస్తే నేను దిగిపోతాను" అన్నాడు పోతురాజు.

"దిగిపోదువు గాని, బండాగినప్పుడు దిగు."

పద్మజ యుగంధర్‌కి రాసింది: "ఏసురాజు అన్నయ్య నాలుగో బోగీలో భీష్మించుకు కూర్చున్నాడు. ఈసారి బతిమాలే వంతు నీది."

శ్రీకాకుళం రోడ్డులో యుగంధర్ లోపలికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా అదే, సెంటు అదే, మొహం మాత్రం నలిగి ఉంది. పోతురాజుని చూసి వెనక్కి తిరగబోయాడు. బండి కదిలింది. ఖాళీ ఉన్నది ఒక్క చోటే, పోతురాజు పక్కన. యుగంధర్ అక్కడే ఒదిగి కూర్చున్నాడు.

"ఏసురాజు గారూ, కొత్త ఫోటో పెట్టిస్తాం. మీ తలకాయ పూర్తిగా పడేలాగ" అన్నాడు.

ఏసురాజు కిటికీలోంచి వరిచేలు చూస్తున్నాడు. "నాకు ఇనబడ్డం నేదు. నేను అలిగున్నాను. పక్కనాయనకి సెప్తే ఆయన నాకు సెప్తాడు."

యుగంధర్ గొంతు సవరించుకున్నాడు. పోతురాజు వైపు చూడకుండానే, "తప్పైపోయిందని ఏసురాజు గారికి చెప్పండి" అన్నాడు.

పోతురాజు మొహం తిప్పుకున్నాడు.

"ఏటి తప్పట?" అన్నాడు ఏసురాజు, చేలకేసి చూస్తూనే. "ఎవురికి సేసిన తప్పట? సరిగ్గా అడుగమ్మా పద్మజా, ఊరికే అలక దిగడానికి నేనేం తేరగా దొరికినోణ్ని కాదు."

యుగంధర్ రుమాలు తీసి మొహం తుడుచుకుని, దాన్ని జేబులో కుక్కేసి, ఈసారి తిన్నగా పోతురాజుని చూశాడు.

"నిన్న ఆఫీసు చిరాకులో ఉండి..." అని మొదలెట్టి ఆగాడు. "కాదు, చిరాకేమీ లేదు. పొగరుతో అన్నాను. ఆ మాట ఏ మనిషినీ అనకూడదు. తప్పు నాదే పోతురాజు గారూ."

ఇన్నేళ్లలో యుగంధర్ అతన్ని గారూ అనడం అదే మొదలు. పోతురాజు ఏసురాజు వైపు తిరిగాడు.

"బావా, ఈ బాబు తప్పైపోయిందంటన్నాడు. ఏటి సెయ్యమంటావు?"

"నాకేటి తెలుసు? నీకెలాగ తోస్తే అలాగ."

"అయితే కాస్త తలుపు వైపు జరగమను. గాలొస్తాది. ఈయేళ సొక్కా మార్సుకునే వచ్చాను గాని, ఈయన సెంటుకి నాకు తలపోటొస్తన్నాది."

ముందు పద్మజ నవ్వింది. యుగంధర్ ఏమనాలో తెలియక తన చొక్కా తనే వాసన చూసుకున్నాడు. దాంతో పోతురాజు కూడా పడి పడి నవ్వాడు.

విజయనగరంలో దిగాక ప్లాట్‌ఫారం మీద పోతురాజు యుగంధర్‌తో, "ఆదివారం కొట్టుకి రండి బాబూ. మంచి సందువా సేప తీసి ఉంచుతాను" అన్నాడు.

ఏసురాజు టక్కున ఆగిపోయాడు. "సందువా? ఆయనకా? మధ్యలో ఇంత తిప్పలు పడ్డోణ్ని నేను. నాకు ఒక్క రొయ్య మీసమైనా ఇస్తానన్నావురా?"

"అది కాదు బావా..."

"వద్దు. నాకేటీ సెప్పొద్దు. అందరికీ సెలవు." చెయ్యెత్తి దణ్ణం పెట్టి, గొడుగు ఊపుకుంటూ, పొట్ట ముందు నడవగా ఆయన గేటు వైపు వెళ్లిపోతున్నాడు. పోతురాజు, యుగంధర్ ఒకరి మొహం ఒకరు చూసుకుని, "బావా!" "ఏసురాజు గారూ!" అంటూ ఆయన వెనకాల పరుగెత్తారు.

ఇది నిజం అలకో, కాదో ఈసారి పద్మజ కూడా చెప్పలేకపోయింది. ముందు పోతురాజుని గ్రూపులో కలిపింది. ఏసురాజు పేరు దగ్గర మాత్రం వేలు ఆగిపోయింది. బతిమాలకుండా కలిపేస్తే దానికీ అలుగుతాడు. ఫోన్ సంచిలో పడేసి, కొంగు దోపుకుని, తనూ వాళ్ల వెనకే బయలుదేరింది.