జెల్మా నోరు దాటని మాట

"మైనం కారి సమాధి మీది ఇసుకంతా పాడైంది చూడు. మా వైపు సమాధుల మీద కొవ్వొత్తులు పెట్టరని ఎన్నిసార్లు చెప్పాలే?"

"నువ్వు చెప్పేదేంటక్కా? ఆవిడ నాకూ అమ్మమ్మే."

"లిథువేనియా దానివైపోయాక గుర్తొచ్చిందా అమ్మమ్మ?"

"సరిహద్దు మా ఊరికి ఇవతల గీశారు. నన్నడిగి గీశారా?"

ఆగస్టులో, లాట్వియా సరిహద్దు ఊరు రుత్సవ శ్మశానంలో, పోయినవాళ్ళను తలుచుకునే సమాధుల పండుగ. పాస్టర్ ప్రసంగం అయిపోయింది. తిడుతున్నది జెల్మా, పడుతున్నది ఆమె పిన్ని కూతురు స్టాసె. జెల్మా అక్కడికి వచ్చింది కొవ్వొత్తుల కోసం కాదని ఒక్క నాకే తెలుసు. నేను ఆమె పక్కింటి కుర్రాణ్ణి, పిన్నీ అని పిలుస్తాను; కాలేజీ మానేసి వచ్చాక ఆమె చేపల వాన్ నడుపుతున్నాను.

జెల్మా సముద్రపొడ్డున చేపలకు పొగబెట్టి అమ్ముతుంది. చలికాలం గడ్డకట్టిన చెరువు మీద ఒంటరిగా నడిచే మనిషి. ఆమె తల్లి, స్టాసె తల్లి ఇద్దరూ యాభై దాటకుండానే కడుపులో గడ్డలతో పోయారు. ఖర్మ అనుకుని అందరూ ఊరుకున్నారు.

వసంతంలో విశ్వవిద్యాలయం వాళ్ళు వచ్చారు. లాట్వియా వాళ్ళకూ ఇరుగుపొరుగు దేశాల వాళ్ళకూ రక్తసంబంధం ఎంతో చూస్తామన్నారు. అందరికంటే ముందు వాళ్ళ పరీక్ష గొట్టంలో ఉమ్మింది జెల్మానే.

"అమ్మమ్మ అచ్చంగా మన మనిషేనని తేల్చి స్టాసె మొహాన కొడతానురా."

తేలింది వేరు. అటువాళ్ళూ ఇటువాళ్ళూ విడదీయలేనంత దగ్గరి చుట్టాలన్నారు. తర్వాత వాళ్ళ డాక్టరు ఆమెను విడిగా కూర్చోబెట్టింది. రొమ్ముకూ అండాశయానికీ కాన్సర్ తెచ్చే జన్యులోపం ఒకటి ఆమెలో ఉందట. అది లిథువేనియాలోనూ, పోలండ్‌లోనూ కనిపిస్తుందట. తల్లి వైపు ఆడవాళ్ళను వెంటనే పరీక్ష చేయించుకోమని చెప్పమంది.

తల్లి వైపు మిగిలింది స్టాసె, ఆమె కూతురు మిల్దా.

ఆరోజు నుంచి జెల్మా చేపలు మాడబెడుతోంది. స్నానం చేసేటప్పుడు ఒంటిని చేత్తో తాకడానికి భయపడి చెంబుతో నీళ్ళు గుమ్మరించుకుంటోందట. "చెప్పేయ్ పిన్నీ" అంటే, "నేను నోరు తెరిస్తే నా చేత్తోనే దానికి అంటించినట్టు ఉంటుందిరా" అంది.

శ్మశానంలో గొడవ ఆపడానికి మిల్దానే వచ్చింది, చంకలో పాపతో.

"చాల్లే పెద్దమ్మా, జనం చూస్తున్నారు. నాకు నిలబడే ఓపిక కూడా లేదు. ఈ మధ్య తిన్నా తినకపోయినా కడుపు ఉబ్బరంగానే ఉంటోంది."

జెల్మా మొహం సున్నం కొట్టినట్టు అయింది. నోరు తెరిచింది. వాళ్ళు కారెక్కి వెళ్ళిపోయే దాకా అలాగే నిలబడింది.

వాన్‌లో కూర్చున్నాక, "వాళ్ళ వెనకే పోనీ" అంది. దారిలో రెండుసార్లు ఆపమంది, రెండుసార్లూ మళ్ళీ పోనిమ్మంది. సరిహద్దులో కాపలా ఎవరూ లేరు, బోర్డు ఒక్కటే ఉంది. స్టాసె ఇంటి ముందు ఆపాను. కిటికీలో మిల్దా పాపకు పాలిస్తూ కనిపించింది. జెల్మా తలుపు పిడి పట్టుకుని నా వైపు తిరిగింది.

"ఒరే గాతిస్, వాన్ తాళం నీ జేబులో పెట్టుకో. ఆ మాట వాళ్ళకు చెప్పకుండా నేను బయటికొచ్చి తాళం అడిగితే, కాళ్ళు పట్టుకున్నా ఇవ్వకు."